మెడ మీద సుద్ద గుర్తు

పాడేరు,
10 నవంబర్ 2024

మామ్మా,

నిన్నటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. ఎత్తినా "ఆ డబ్బాలో గొంతులు కాకుల్లా ఉంటాయి" అని పెట్టేస్తావు. సరే, ఈ కాకి ఇకనుంచి కాగితం మీదే రాస్తుంది. పక్కింట్లోంచి ఆర్థర్ అంకుల్‌ని పిలిచి చదివించుకో. అంకుల్, నమస్తే. మామ్మ తిట్టేవి కూడా వదలకుండా రాసి పంపండి, లేకపోతే నాకు ఇల్లు గుర్తు రాదు.

ఆసుపత్రి ల్యాబులో పని బాగానే ఉంది. చలి మొదలైంది. పొద్దున్న గాజు స్లైడు పట్టుకుంటే వేలు అంటుకుపోతోంది. అసలు విషయం ఇది. నాకు ఒక బండి కావాలి. స్కూటీ ఈ దారులకి ఆగడం లేదు. వారమంతా రోడ్డు మీద డ్యూటీకి వెళ్ళాలి, ఆదివారం కొండదారుల్లో తిరగాలి. దానికి వేరే బండ్లుంటాయి. పొడుగ్గా, నేలకి ఎత్తుగా, స్పోకుల చక్రాలు, పళ్ళ టైర్లు. నంబరు ప్లేటూ లైట్లూ ఇన్సూరెన్సూ అన్నీ సరిగ్గా ఉన్నది కావాలి. కొత్తది వద్దు. మొదటి నెలలోనే పదిసార్లు పడేస్తావు, పాతదే కొనుక్కో అన్నాడు సత్యదేవ్.

సత్యదేవ్ ఎవరని అడుగుతావు. ఇక్కడ పశువుల ఆసుపత్రిలో పని. చోడవరం వాళ్ళు. తండ్రి లేడు, అమ్మ పుష్పమ్మగారు, ఒక్కడే కొడుకు. కొండల మీది ఊళ్ళకి మందులు పట్టుకుని ఇలాంటి బండి మీదే వెళ్తాడు. నాకు నేర్పిస్తున్నాడు. ఇంతకంటే ఇప్పుడు అడగకు.

ఫోనులో వెతికితే సికింద్రాబాద్‌లో మూడు బండ్లు కనిపించాయి. అడ్రసులు వెనక రాశాను. నాకు సెలవు లేదు. నువ్వే వెళ్ళి చూడాలి. నవ్వకు. కాగితాలు అంకుల్ చూస్తారు, ఇనుము నువ్వు చూడు. ఇలాంటి బండ్లు రాళ్ళ మీద దూకి దూకి చాసీలో ఎక్కడో బీటవారతాయట, పైకి కనపడదట. ముప్పయ్యేళ్ళు వర్క్‌షాపులో రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని, పగిలిందో లేదో చెప్పినదానివి. నా చిన్నప్పుడు గిన్నెలన్నీ వరసగా పెట్టి కొట్టి, ఏది బీటవారిందో కళ్ళు మూసుకుని చెప్పమనేదానివి. నేనెప్పుడూ తప్పే చెప్పేదాన్ని. నువ్వు కొట్టి బాగుందంటే చాలు, ఇంకెవరికీ చూపించను.

దేవిక


లాలాగూడ,
24 నవంబర్ 2024

దేవికకి మామ్మ చెప్పేది. రాసేది ఆర్థర్. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఇతగాడు మధ్యలో మర్యాదలు దూరుస్తాడు, అవి నావి కావని తెలుసుకో.

ఒలే గుంటా, ఆడపిల్లకి కొండలెక్కే బండి ఏటని మీ నాన్న తాతాజీ నేరేడ్‌మెట్ నుంచి పనిగట్టుకుని వచ్చి గోల పెట్టాడు. నేనన్నాను, "మీ నాన్న నూకయ్య పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని ఖలాసీ పనికి బయల్దేరినప్పుడు మన అనకాపల్లి వాళ్ళు కూడా ఇలాగే గోల పెట్టారు. నువ్వు వాళ్ళ గోల తిని పెరిగావా, నా జీతం తిని పెరిగావా?" టీ తాగి వెళ్ళిపోయాడు.

మొదటి బండి నేరేడ్‌మెట్‌లోనే. మిలట్రీలో చేసి వచ్చిన మనిషిది. అద్దంలా పెట్టుకున్నాడు. కానీ వేరే రాష్ట్రం నంబరు, ఇక్కడికి మార్చుకునే కాగితం లేదు. ఆ కాగితం రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అన్నాడు. ఆర్థర్ లేచి చెయ్యి కలిపి వచ్చేశాడు. రెండోది ఒక కాలేజీ కుర్రాడిది. పందేలకి తిప్పుతాడట. లైట్లు పీకేశాడు, నంబరు ప్లేటు పీకేశాడు, అద్దాలు పీకేశాడు. పొగగొట్టం కూడా మార్చాడు. "పీకడానికి ఇంకేటి మిగిలిందిరా, సీటొక్కటే" అంటే పళ్ళికిలించాడు.

మూడోది రెజిమెంటల్ బజార్‌లో, తిరుమల్ అని మెకానిక్కు, దుకాణం ముందే నిలబెట్టాడు. కాగితాలు ఆర్థర్ మూడుసార్లు చదివాడు. ఒక్క చేతి బండే, నంబరూ ఇన్సూరెన్సూ సరిగ్గా ఉన్నాయి. నేను సంచిలోంచి సుత్తి తీశాను. వాడు బెదిరాడు.

"అమ్మా, గిదేంది, సుత్తి పట్కొచ్చిన్రు? బండి పలగ్గొడ్తరా ఏంది?"

"నా సుత్తికి పగిలేదయితే మా పిల్ల కింద ఎలా నిలుస్తుందిరా? ట్యాంకు తియ్యి. సీటు తియ్యి. ఆ ప్లాస్టిక్ రేకులన్నీ తియ్యి. ఇనుము కనపడాలి నాకు."

గొణుక్కుంటూ తీశాడు. టీకొట్టు దగ్గర వాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. పద్నాలుగేళ్ళయిందే నేను ఆ సుత్తి పట్టి. పిడి నా చేతిని మరిచిపోలేదు. స్పోకులు ఒక్కొక్కటీ కొట్టాను. ముందు షాకబ్జర్లకి ఆయిల్ కారడం లేదు. చైను పళ్ళు అరగలేదు. చాసీ అంతా కొట్టుకుంటూ వెళ్ళి, హ్యాండిల్ వచ్చి చాసీకి కలిసే చోటు, మెడ అంటారు దాన్ని, అక్కడ మూడు దెబ్బలు వేశాను. అక్కడ కొత్త నల్లరంగు ఉందని ఆర్థర్ వేలు పెట్టి చూపించాడు. తిరుమల్ అన్నాడు, "రాళ్ళు తగిలి పెచ్చులూడుతయి సార్. నా కాడికి వచ్చినప్పుడే గట్ల ఉండె." ఆర్థర్ ఇంకా ఏదో సణిగాడు. "నలభయ్యేళ్ళు టికెట్లు ఇచ్చినవాడివి, ఇనుము సంగతి నీకేటి తెలుసు" అన్నాను. ఇప్పుడు ఆ సణుగుడేదో తన మాటగా ఇక్కడ రాస్తానని కూర్చున్నాడు. రాసుకోనీ.

దేవికా, మెడ దగ్గర చప్పుడు మిగతా చోట్లకంటే కాస్త మొద్దుగా ఉన్నట్టు నాకు అనిపించింది. గవరమ్మగారికి తెలిసినంత నాకు తెలియదు. ఆర్థర్.

అయిపోయింది. అందులో ఆఖరి ముక్క ఒక్కటే నిజం.

బండి బాగుంది. మెడ మీదే సుద్దతో నా గుర్తు వేశాను, సున్నా, మధ్యలో అడ్డగీత. ఆ గుర్తు వేసిన చక్రం మీద ఎంతమంది పడుకుని ఊళ్ళకి వెళ్ళారో లెక్కలేదు. పెట్రోలు తీయించి, గోనె చుట్టించి, స్టేషన్‌లో పార్సిల్‌కి ఇచ్చాం. విశాఖపట్నంలో దింపుకో.

ఆ చోడవరం కుర్రాడి సంగతి ఇప్పుడు అడగను. తర్వాత అడుగుతాను.

ఎడమ బొటనవేలు వేశాను. సిరా ఎక్కువైంది, అది ఆర్థర్ తప్పు.

గవరమ్మ


పాడేరు,
15 డిసెంబర్ 2024

మా మామ్మకి,

బండి వచ్చింది! విశాఖపట్నం పార్సిల్ ఆఫీసులో గోనె విప్పుతూ ముందు నీ సుద్ద గుర్తు కోసమే వెతికాను. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద నేనే నడుపుకుంటూ తెచ్చాను. సత్యదేవ్ వెనకే వచ్చాడు. ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టి నన్ను భయపెట్టాడు.

ఒక సంగతి చెప్పాలి, నీకు నచ్చుతుంది. ఇంటికి రాగానే స్పానర్ల పెట్టె తెరిచాడు. కొండల్లో తిప్పే పాత బండి ఎవరు తెచ్చినా చాసీ వరకు విప్పి, రంగు గీకి చూడటం తన పద్ధతట. నేను అడ్డం నిలబడ్డాను. "మా మామ్మ పాస్ చేసిన బండి ఇది. నువ్వు విప్పావంటే ఆవిడ చెవిని నమ్మనట్టే. అవమానం" అన్నాను. నవ్వి, స్పానర్లు పెట్టెలో పెట్టేశాడు. "మామ్మగారి సంతకం ఉంది కదా, ఇంకేం" అని నీ సుద్ద గుర్తు చెరిగిపోకుండా దాని మీద తెల్లటి టేపు అంటించాడు. లోపల నీ సున్నా, అడ్డగీత స్పష్టంగా కనపడుతున్నాయి. ఆర్థర్ అంకుల్‌కి చెప్పు, మొద్దుగా ఏమీ లేదు, బండి పాడుతోంది.

మొన్న నాన్న ఫోనులో వీడియో పెట్టాడు కదా. ఏం తిన్నావు మామ్మా అంటే "ఆఁ ఆఁ, జాగ్రత్త" అన్నావు. మోకాలు ఎలా ఉందంటే "పార్సిల్ వాళ్ళు మంచివాళ్ళే" అన్నావు. నాన్నా నేనూ పడీపడీ నవ్వాం.

ఫిబ్రవరిలో సత్యదేవ్ వాళ్ళమ్మగారిని తీసుకుని లాలాగూడ వస్తానంటున్నాడు. ఎందుకో నేను రాయక్కర్లేదు.

దేవిక


లాలాగూడ,
29 డిసెంబర్ 2024

దేవికకి,

రాయక్కర్లేదని నువ్వన్నావు, కానీ ఆర్థర్ నా కుడిపక్కన కూర్చుని ఉత్తరం చదివిన తీరుకి లాలాగూడ అంతటికీ తెలిసిపోయింది. చర్చిలో పాడిపాడి ఆ గొంతు అలా అయిపోయింది, తగ్గించడం చేతకాదు. ఎదురింటి కాంతమణి అప్పుడే వచ్చి "పెళ్ళెప్పుడు పిన్నిగారూ" అని అడిగి వెళ్ళిందట.

వీడియోలో నీ ముఖం చూస్తూ కూర్చున్నాను, మాట మీద ధ్యాస లేదు. దానికి తండ్రీ కూతుళ్ళు పడీపడీ నవ్వడం ఏటి? ఇక ఆ వీడియో పెట్టొద్దని తాతాజీకి చెప్పాను.

ఆ అబ్బాయి స్పానర్లు పెట్టెలో పెట్టేశాడన్నావే, అక్కడ నాకు నచ్చాడు. పని తెలిసినవాడికి ఇంకొకళ్ళ పని మీద మర్యాద ఉంటుంది. మా షాపులో కొత్తగా వచ్చిన ఇంజనీర్లకి అది ఉండేది కాదు. పుష్పమ్మగారు ఏం తింటారో, ఏం తినరో రాయి. రాత్రిపూట అన్నమా, రొట్టా? కింద కూర్చోగలరా? ఆర్థర్ ఇంట్లోంచి కుర్చీ ఒకటి తెచ్చి పెడతాను. ఆవిడ ఒక్కర్తే కొడుకుని పెంచింది. నేనూ అంతే. మాకు మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

మోకాలు బాగానే ఉంది. అడిగావు కదా, ఇదిగో జవాబు. ఇక నవ్వు.

గవరమ్మ, వేలిముద్ర


పాడేరు,
27 జనవరి 2025

మామ్మా,

సత్యదేవ్ లేడు.

పంతొమ్మిదో తారీఖు ఆదివారం. గెడ్డలో నీళ్ళు దాటాక కిందికి రాళ్ళదారి ఉంది. పైనుంచి చూసి నాకు భయం వేసింది. "నీ బండి నేను దింపుతాను, నా బండి తీసుకుని నువ్వు చుట్టు తిరిగి రోడ్డున రా" అన్నాడు. మార్చుకున్నాం. నేను ముందే కిందికి చేరి బండి పక్కన పెట్టి కూర్చున్నాను. కబుర్లకి ఎక్కడైనా ఆగాడేమో అనుకున్నాను. గంట చూశాను. తర్వాత కట్టెలు తెచ్చుకునే వాళ్ళు వచ్చి చెప్పారు.

హ్యాండిల్ అదుపు తప్పిందట.

నాన్న వచ్చి నాలుగు రోజులున్నాడు. నువ్వు రావద్దు, ఘాట్ రోడ్డు నీకు పడదు. పుష్పమ్మగారు రొట్టే తింటారు రాత్రిపూట. అడిగావు కదా.

దేవిక


లాలాగూడ,
6 ఫిబ్రవరి 2025

దేవికకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. ఆ అబ్బాయి కోసం ఏడ్చాను. ముఖం కూడా చూడలేదు, అయినా ఏడ్చాను. నీ పక్కన ఉండవలసినదాన్ని, మోకాళ్ళ నొప్పి తెచ్చుకుని ఇక్కడ పడి ఉన్నాను.

కానీ తాతాజీ వచ్చి ఇంకో మాట చెప్పాడు. ఆ అబ్బాయి మేనమామ నలుగురిలో అన్నాడట, "ఎవరో ముసలమ్మ సుత్తితో కొట్టి చూసిందట, పాడు బండి అంటగట్టింది" అని. మీ నాన్న ఆ మాట విని ఊరుకుని వచ్చాడు. నేను ఊరుకోను. ఆర్థర్, ఒక్క అక్షరం తగ్గించకుండా రాయి.

నేను వర్క్‌షాపులో చేరి పన్నెండేళ్ళయ్యాక ఒక రైలు పెట్టె చక్రం కొట్టి, పనికిరాదు అన్నాను. పెద్ద ఇంజనీరు చూసి బాగుందన్నాడు. ఆ పెట్టె రాత్రి బండికి తగిలించాలట, తొందరట. "అమ్మా, నీకు చదువు రాదు" అన్నాడు. నేను పోయి పట్టాల మీద కూర్చున్నాను. మెమో ఇస్తాను అన్నాడు. ఇవ్వండి, నాకు చదవడం రాదు కదా అన్నాను. ఆఖరికి మిషన్ తెచ్చి పరీక్ష పెట్టారు. వేలెడు లోతు బీట ఉంది లోపల. ఆ ఇంజనీరు మర్నాడు వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. ముప్పయ్యేళ్ళలో నేను గుర్తు వేసిన చక్రం ఒక్కటి వెనక్కి రాలేదు. ఒక్కటి. ఇది ఆ మేనమామకి చదివి వినిపించు.

అదుపు తప్పిందన్నావు. అదుపు తప్పేది ఇనుము కాదు, మనిషి. దిగలేని దారిలో దిగడం ఎందుకు? నీకు గొప్ప చూపించుకోవడానికి కాదేటి? చేతకాని పని చేసి తను పోయాడు, నా పేరు కూడా పాడుచేసి పోయాడు. ఈ మాట రాయనని ఆర్థర్ కలం కింద పెట్టాడు. తీసి మళ్ళీ చేతిలో పెట్టాను. రాశాడు.

నువ్వెందుకు నోరు విప్పడం లేదే? మా మామ్మ చెవి తప్పదని ఆ మేనమామ ముఖం మీద ఎందుకు చెప్పలేదు? నువ్వూ నమ్మావేటి ఆ మాట? నా చేతుల్లో పెరిగినదానివి. ఆ బండి నాకు పంపు. విరిగి ఉన్నా సరే, ఎలా ఉన్నా సరే. రెజిమెంటల్ బజార్‌లో పదిమందిని నిలబెట్టి కొట్టి చూపిస్తాను. ఇనుము అబద్ధం చెప్పదు.

గవరమ్మ, వేలిముద్ర


పాడేరు,
16 ఫిబ్రవరి 2025

మామ్మా,

పోలీసులు బండి ఇచ్చేశారు. మెడ ముక్క కోయించి పార్సిల్ చేశాను. కళ్ళతో చూడు. వేలు పెట్టి చూడు. సుత్తితో కొట్టకు.

దేవిక


లాలాగూడ,
2 మార్చి 2025

అమ్మా దేవికా,

పార్సిల్ వచ్చింది. ఆర్థర్ తాడు కోశాడు, గుడ్డ నేను విప్పాను. మూరెడు ముక్క. మొదట కనపడింది నా గుర్తే. ఆ అబ్బాయి అంటించిన టేపు కింద సున్నా, అడ్డగీత, రవ్వంత కూడా చెదరలేదు. ఇనుము సరిగ్గా అక్కడే రెండుగా తెగింది. టేపు ఒక పక్క అంటుకుని ఉండబట్టి ముక్కలు పూర్తిగా విడిపోలేదు, తలుపులా తెరుచుకున్నాయి.

తెగిన చోటు వెలుగులో పెట్టి చూశాను. ముప్పాతిక వంతు నల్లగా, తుప్పు పట్టి ఉంది. పావు వంతు తెల్లగా, కొత్త వెండిలా ఉంది. నల్లగా ఉన్నది పాత బీట. తెల్లగా ఉన్నది ఆ ఆదివారం తెగింది. ఇది పెద్ద విద్య కాదు, పనిలో చేరిన మొదటి వారంలో చెప్పే పాఠం. నేను సుత్తి వేసిన రోజున ఆ నలుపు అప్పటికే పైరంగు కింద ఉంది. నేను దాని మీదే కొట్టాను. దాని మీదే గుర్తు వేశాను.

ఇప్పుడు చెప్పేది ఆర్థర్ రాయనంటున్నాడు. వద్దండీ గవరమ్మగారూ, ఎందుకండీ అంటున్నాడు. రాయి.

నాకు వినపడదు.

ఎడమ చెవి పోయి ఆరేళ్ళు. కుడి చెవిలో, పక్కన కూర్చుని అరిస్తే, అది కూడా మగగొంతయితే, కాస్త తెలుస్తుంది. ఆ వర్క్‌షాపు హోరే తినేసింది. ఫోనులో కాకుల గొంతులని చెప్పింది అబద్ధం. కాకులు కూడా లేవు, ఏమీ లేదు. ఆర్థర్‌కి తెలుసు. ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చాడు, అంతకంటే అతని తప్పేమీ లేదు. చెవి మిషన్ పెట్టుకుంటే నలుగురికీ తెలుస్తుందని పెట్టుకోలేదు.

ఆ రోజు దుకాణంలో సుత్తి తగిలిందని చేతికి తెలిసింది. చెవికి ఏమీ రాలేదు. స్పోకులకీ రాలేదు, మెడకీ రాలేదు. తిరుమల్ మాటలు కూడా ఆర్థర్ నా చెవిలో మళ్ళీ చెబితేనే తెలిశాయి. మూడుసార్లు కొట్టాను, ఒక్కసారైనా వస్తుందేమోనని. తిరుమల్ చూస్తున్నాడు. టీకొట్టు వాళ్ళు చూస్తున్నారు. ఆర్థర్ చప్పుడు మొద్దుగా ఉందన్నాడు. అతను విన్నాడు, నేను వినలేదు. విన్నవాడి నోరు మూయించి తల ఊపాను.

ఎందుకలా చేశావని అడుగుతావు. నేను రిటైరయ్యాక ఎవరూ నన్ను ఏదీ అడగలేదే. ఉప్పు సరిపోయిందా అని కూడా ఎవరూ అడగరు. పద్నాలుగేళ్ళకి నువ్వు అడిగావు, ఇనుము చూసి చెప్పు మామ్మా అని. లేదే తల్లీ, ఇప్పుడు నా దగ్గర అది లేదు అని చెప్పడానికి నోరు రాలేదు. అంతే. ఇంకో కారణం ఉంటే చెప్పేదాన్ని, వెతికాను, లేదు.

తిరుమల్ దగ్గరికి వెళ్ళి ముక్క చూపించాను. గల్లా పట్టుకోవడానికే వెళ్ళాను. చూసి దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. "అమ్మా, నాకు సుత జెర అనుమానముండె ఆ రంగు మీద. గంత పెద్దమనిషి కొట్టి సూసి మంచిగున్నదంటే, నాదే వహమ్, ఉత్త భ్రమ అనుకున్న. మీ మాట మీదనే ఇచ్చిన" అన్నాడు. అతను అన్నది ఆర్థర్ నా చెవిలో మళ్ళీ చెప్పాడు. నా చెయ్యి దానంతట అదే కిందికి జారిపోయింది.

చేతకానివాడన్నాను ఆ అబ్బాయిని. నా మీద మర్యాదతో స్పానర్లు పెట్టెలో పెట్టినవాడిని.

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. పాసయిన చక్రం తర్వాత చెడ్డదని తేలితే, గుర్తు వేసినవాళ్ళే అందరి ముందూ అరచేత్తో ఆ గుర్తు తుడవాలి. ఇంకొకళ్ళు తుడవకూడదు. నాకు ఆ అవసరం ఒక్కసారీ రాలేదని కిందటి ఉత్తరంలో రాయించాను. ఆ టేపు ఇంకా తియ్యలేదు.

ఈ ఉత్తరానికి వేలిముద్ర వేయబుద్ధి కాలేదు. చెప్పింది నేనేనని ఆర్థర్ సాక్షి.


పాడేరు,
15 మార్చి 2025

మామ్మా,

ఆ నలుపు నేను ఆ రోజే చూశాను. ల్యాబులో పనిచేసేదాన్ని, పాత మరకకీ కొత్త మరకకీ తేడా నాకూ తెలుసు. నీకు చూపించకూడదనుకున్నాను. అందుకే అదుపు తప్పిందని మాత్రం రాశాను. నువ్వు సత్యదేవ్‌ని అలా అన్నాక ఆగలేకపోయాను. కోపంతో పంపాను. పంపిన మర్నాడే పార్సిల్ ఆఫీసుకి పరిగెత్తాను, అప్పటికే బండెక్కేసిందన్నారు.

నీకు వినపడలేదు. నాకు వినపడుతుంది మామ్మా. అంకుల్ రాసిన మాట నేను చదివాను, చదివి నవ్వాను. సత్యదేవ్ పెట్టె తెరిచి చేతిలో స్పానర్ పట్టుకున్నాడు. పది నిమిషాలు విప్పి, ఆ రంగు గీకితే కనపడేది. అడ్డం నిలబడింది నేను. దిగలేనని భయపడింది నేను. రోడ్డున సుఖంగా వచ్చింది నేను. రోజూ ఈ మూడూ వరసగా తిరుగుతుంటాయి. అందులో నువ్వు నాలుగోదానివి, అంతే.

పుష్పమ్మగారికి ఇంకా చెప్పలేదు. మేనమామ మాట ఆవిడ ఒప్పుకోవడం లేదు. "బండిని అనకండి, వాడిదే దూకుడు, చిన్నప్పటి నుంచీ అంతే" అని కొడుకునే తప్పుపట్టుకుంటున్నారు. నేను వెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెడుతున్నారు. ఆ ముద్ద నాకు మింగుడుపడటం లేదు. చెప్పాలని వెళ్తాను, తిని వచ్చేస్తాను.

ఏం చెయ్యాలో చెప్పు.

దేవిక


లాలాగూడ,
23 మార్చి 2025

దేవికకి,

నువ్వు చెప్పొద్దు. గుర్తు నాది, నేను చెబుతాను. ఆవిడ కొడుకు దూకుడు వల్ల పోలేదని ఆవిడకి తెలియాలి. అది తెలియకుండా ఆవిడ ఒక్కరోజు కూడా ఎక్కువ బతకకూడదు.

రైల్వే పాసు ఉంది. ఇరవై ఎనిమిదిన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాను. ఆర్థర్ తోడు వస్తాడు. విశాఖపట్నంలో దిగి నేరుగా చోడవరం. మోకాళ్ళ మాట ఎత్తకు. మేనమామని కూడా ఉండమను, ఆయన అన్నది నిజమని ఆయన ముందే చెప్పాలి. ముక్క నా సంచిలో ఉంది. ఆవిడ ముందు టేపు తీసి, నా చేత్తో నేనే తుడుస్తాను. ఆ టేపు మాత్రం పారెయ్యను, అది అబ్బాయి చెయ్యి. ఆవిడ అడిగితే ఇస్తాను, లేకపోతే నీకు.

ఒక్కటే చిక్కు. ఆవిడ తిడితే నాకు వినపడదు, రాసి ఇస్తే చదవలేను. నువ్వు గాని ఆర్థర్ గాని మధ్యలో మెత్తగా చేసి చెప్పొద్దు, అలాంటి మెత్తదనం మనకి చాలు. కుడి చెవిలో ఇంకా కాస్త మిగిలి ఉంది. ఆవిడని ఆ పక్కన కూర్చోబెట్టు. అనవలసిందేదో దగ్గరగా వచ్చి, గట్టిగా అనమను. ఒకసారికి అందకపోతే మళ్ళీ అనమను.

నేను తల ఊపను. విన్నాక, విన్నానని నోటితో చెబుతాను.

గవరమ్మ
వేలిముద్ర వేశాను